తూర్పు తీర ప్రవాహం
బంగాళాఖాతపు పడమటి అంచున, ఖండతీరపు వాలును అంటిపెట్టుకొని సాగే సముద్ర ప్రవాహం. ఏటా రెండుసార్లు దిశ మారుస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి పారుతుంది. మార్చి, ఏప్రిల్‌లలో జోరెక్కువ. ఆ రోజుల్లో విశాఖ తీరాన అడుగునున్న చల్లని, లవణీయత హెచ్చిన నీరు పైకి తేలుతుంది. అసలు విశేషం వానాకాలం తర్వాతది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చిన మంచినీరు తేలిక కనుక ఉప్పునీటి మీద పలుచని పొరగా పరుచుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ప్రవాహం దక్షిణానికి తిరిగి ఆ పొరను కోస్తా వెంబడి ఈడ్చుకుపోతుంది. నవంబరులో కాకినాడ ఒడ్డున కాళ్లు తడిపే అలలో గంగ పాలు కూడా ఉంటుందన్నమాట! ప్రవాహం ఇలా దిశ మారడానికి స్థానిక గాలులొక్కటే కారణమనుకోవడం పొరపాటు. భూమధ్యరేఖ దగ్గర పుట్టి తీరం వెంట వచ్చే తరంగాల పాత్రా ఉంది. దక్షిణానికి సాగిన ఆ తేలిక నీటిలో కొంత శ్రీలంకను చుట్టి, శీతాకాలంలో ఆగ్నేయ అరేబియా సముద్రం చేరుతుంది.