మన దేశంలో మత్తుమందుల చట్టం – నిన్న, నేడు

"తులసి వనంలో గంజాయి మొక్క" అని మన పెద్దవాళ్లు అంటుంటారు. మంచివాళ్ల మధ్యలో ఉన్న చెడ్డవాడిని అలా పిలుస్తారు. అంటే ఈ మొక్క మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. మరి దీనికి ఇంత పెద్ద శిక్షలు ఎప్పుడు వచ్చాయి? జూన్ 26న మా స్కూల్లో మాదకద్రవ్యాల వ్యతిరేక దినం జరిపారు. "20 ఏళ్ల జైలు" అనే మాట వినగానే అందరం గప్‌చుప్ అయిపోయాం. ఆ రోజునుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

బ్రిటిష్ కాలంలో సర్కారు మత్తుమందులను పూర్తిగా నిషేధించలేదు, వాటి మీద పన్ను వసూలు చేసింది. నల్లమందు కోసం 1857లో, 1878లో చట్టాలు తెచ్చింది. వాటి ముఖ్య ఉద్దేశం సాగు, అమ్మకం తన చేతిలో ఉంచుకోవడం. గంజాయి మీద విచారణకు 1893లో ఒక కమిషన్ వేశారు. వెయ్యికి పైగా సాక్షులను విచారించి, పూర్తి నిషేధం అక్కర్లేదు, లైసెన్సు, పన్ను చాలు అని అది చెప్పింది. ఆ రోజుల్లో కృష్ణా జిల్లాలో ఉన్న దగ్గుబాడు పరిసరాల్లో సర్కారు అనుమతితోనే గంజాయి పండించేవారు. ఇది చదివి నేను ఆశ్చర్యపోయాను. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది.

1930లో ప్రమాదకర మందుల చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1961లో ఐక్యరాజ్య సమితి ఒప్పందం మీద మన దేశం కూడా సంతకం చేసింది. గంజాయి వాడకాన్ని ఆపడానికి ఆ ఒప్పందం 25 ఏళ్ల గడువు ఇచ్చింది. ఆ గడువు దగ్గర పడుతుండగా, 1985లో పార్లమెంటు ఎన్‌డీపీఎస్ చట్టం చేసింది. అది అమల్లోకి వచ్చింది నవంబర్ 14న, అంటే మన బాలల దినోత్సవం రోజున!

ఆ చట్టం చాలా కఠినం. హెరాయిన్ లాంటివి అమ్మితే కనీసం 10 ఏళ్ల జైలు. 1989లో ఇంకా గట్టిపరిచారు. పెద్ద మొత్తంతో రెండోసారి దొరికితే మరణశిక్షే అన్నారు. 2014లో దాన్ని మార్చి, మరణశిక్ష వేయాలా వద్దా అన్నది జడ్జికి వదిలేశారు.

2001లో ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. అప్పటినుంచి శిక్ష బరువును బట్టి ఉంటుంది. ఇప్పుడు గంజాయి 1 కిలో లోపు అయితే ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే 10 నుంచి 20 ఏళ్ల జైలు, దాంతోపాటు కనీసం లక్ష రూపాయల జరిమానా. ఈ రెండింటి మధ్యలో ఉంటే 10 ఏళ్ల దాకా. హెరాయిన్‌కు ఈ లెక్క ఇంకా చిన్నది, 250 గ్రాములు దాటితే చాలు.

ఈ బరువు లెక్క నాకు పుస్తకంలో విషయం కాదు. మాకు తెలిసిన ఒక అన్న, డిగ్రీ చదివేవాడు, ఎవరో డబ్బులిస్తామంటే ఊరినుంచి బెంగళూరుకు ఒక బ్యాగు తెచ్చాడు. బస్సు దిగగానే పట్టుకున్నారు. "బ్యాగులో ఏముందో నా బిడ్డకు తెలీదు సామీ" అని వాళ్లమ్మ ఏడ్చింది. కానీ ఈ చట్టంలో, బ్యాగు ఎవరి దగ్గర దొరికితే వాళ్లే తమకు తెలీదని రుజువు చేసుకోవాలి. బరువు ఎక్కువైతే బెయిలు కూడా సులభంగా రాదు. పంపినవాడు ఎక్కడున్నాడో ఇప్పటికీ తెలీదు.

పండించేచోట కూడా నష్టపోయేది పేదవాళ్లే. విశాఖ ఏజెన్సీలో 2021లో ఆంధ్రా పోలీసులు "పరివర్తన" పేరుతో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. తోటలు నరికితే సరిపోదు, ఆ గిరిజన రైతులకు కాఫీ, మిరియాలు లాంటి వేరే పంటలతో బతుకు దొరకాలి కదా!

చట్టంలో శిక్ష ఒక్కటే లేదు. 64ఏ అనే సెక్షన్ ప్రకారం, అలవాటు పడినవాడు వాడినందుకో, కొద్ది మొత్తంతోనో దొరికి, తానే ముందుకొచ్చి గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్స పూర్తి చేస్తే, కేసునుంచి బయటపడే అవకాశం ఉంది. మన బెంగళూరులోనే నిమ్హాన్స్‌లో ఈ చికిత్స కేంద్రం ఉంది. 14446కు ఫోన్ చేస్తే డబ్బులు లేకుండా సలహా ఇస్తారు. శిక్ష గురించి అందరూ చెప్తారు, ఈ దారి గురించి చెప్పేవాళ్లు తక్కువ.

మిత్రులారా, తెలియని బ్యాగు ఎవరిచ్చినా పట్టుకోవద్దు. అమ్మానాన్నలారా, మీ పిల్లలు ఈ ఊబిలో పడ్డారని తెలిస్తే పరువు పోతుందని దాచిపెట్టకండి. కేసు కాకముందే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ అన్నకు ఈ సంగతులు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.