మిడ్వే యుద్ధంలో నగుమో నిర్ణయాలు: ఔత్సాహిక చరిత్రకారుల వాదోపవాదాలు

ఉపోద్ఘాతం

1942 జూన్ 4 ఉదయం పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్వే దీవి సమీపాన అమెరికా డైవ్ బాంబర్ల దాడికి అకాగి, కాగ, సోర్యు అనే మూడు జపాన్ విమానవాహక నౌకలు కొద్ది నిమిషాల వ్యవధిలో అగ్నికి ఆహుతి అయ్యాయి. నాలుగవదైన హిర్యు ఆ సాయంత్రం దెబ్బతిన్నది. ఈ పరాజయానికి దళాధిపతి నగుమో చూయిచి తీసుకున్న నిర్ణయాలే కారణమన్న అభిప్రాయం అర్ధశతాబ్దం పాటు దాదాపు నిర్వివాదంగా చెలామణి అయింది. దానిని గట్టిగా ప్రశ్నించినవారిలో ముఖ్యులు విశ్వవిద్యాలయ చరిత్ర శాఖలకు చెందినవారు కారు. జొనాథన్ పార్షల్, ఆంథొనీ టల్లీ ఇతర వృత్తులలో ఉంటూ జపాన్ నౌకాదళ చరిత్రను అభిరుచితో అధ్యయనం చేసినవారు. వారితో తలపడిన డాలస్ ఐసోమ్ న్యాయశాస్త్ర ఆచార్యుడు. వీరి వాదోపవాదాలు యుద్ధచరిత్రలో సాక్ష్యాన్ని ఎలా తూచాలన్న ప్రశ్నను ముందుకు తెచ్చాయి.

ప్రత్యక్షసాక్షి కథనం

పెర్ల్ హార్బర్ వైమానిక దాడికి నాయకత్వం వహించిన ఫుచిదా మిత్సువో మిడ్వే నాటికి అపెండిసైటిస్ శస్త్రచికిత్స నుండి కోలుకుంటూ అకాగి మీదనే ఉన్నాడు. ఒకుమియా మసతకేతో కలిసి అతడు 1951లో జపనీస్‌లో వెలువరించిన గ్రంథం 1955లో ఆంగ్లంలోకి వచ్చింది. బాంబులు పడే సమయానికి ప్రతిదాడి విమానాలు డెక్ మీద బారులు తీరి ఉన్నాయనీ, మరి అయిదు నిమిషాలు గడిచి ఉంటే అవన్నీ గాలిలోకి లేచి ఉండేవనీ అతడు రాశాడు. సాక్షి సామాన్యుడు కాడు. కథనంలో విషాద నాటకానికి కావలసిన బిగువు ఉంది. 1967లో వాల్టర్ లార్డ్, 1982లో వెలువడిన గ్రంథంలో గార్డన్ ప్రాంజ్ ఫుచిదాపై ఆధారపడ్డారు. లార్డ్ ప్రజాదరణ పొందిన రచయిత కాగా, ప్రాంజ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు. ఈ విషయంలో ఆచార్య పదవి అదనపు రక్షణ ఏదీ ఇవ్వలేదని గమనించవచ్చు.

జపాన్ రక్షణ శాఖ పక్షాన వెలువడిన బృహత్ యుద్ధచరిత్ర 'సెన్షి సోషో'లోని మిడ్వే సంపుటం 1971లోనే దీనికి భిన్నమైన చిత్రం ఇచ్చింది. దాని ప్రకారం ప్రతిదాడి విమానాలు ఆ సమయానికి ఇంకా డెక్ కింది హ్యాంగర్లలోనే ఉన్నాయి. అయితే ఆ సంపుటం జపనీస్‌లోనే ఉండిపోయింది. ఆంగ్ల పాఠకలోకంలో ఫుచిదా మాటే నిలిచింది.

పార్షల్, టల్లీ 2005లో 'షాటర్డ్ స్వోర్డ్' గ్రంథంలో ఈ భాషాభేదపు గోడను దాటారు. వారి ప్రధాన ఆధారాలు వ్యక్తుల స్మృతులు కావు. నౌకల విమాన కార్యకలాపాల నమోదులు, డెక్‌ను వినియోగించే పద్ధతి. జపాన్ వాహక నౌకలలో విమానాలకు టార్పెడోలు అమర్చే పని హ్యాంగర్లలో జరిగేది. వాటిని లిఫ్టుల ద్వారా పైకి తెచ్చి, వరుసగా నిలిపి, ఇంజన్లను వేడెక్కించి పంపడానికి సుమారు ముప్పావు గంట పట్టేది. ఆ సమయంలో డెక్ మీద మరే విమానమూ దిగడానికి వీలులేదు. ఆ ఉదయమంతా అమెరికా టార్పెడో విమానాలు దఫదఫాలుగా దాడి చేస్తూనే ఉన్నాయి. వాటిని ఎదుర్కొనే రక్షక విమానాలు ఇంధనం కోసం, తూటాల కోసం అవే డెక్‌ల మీద దిగుతూ లేస్తూ ఉన్నాయి. 10 గంటల తరువాత కూడా ఇదే పరిస్థితి. అట్టి డెక్‌పై దాడి విమానాలు బారులు తీరి ఉండడం ఎలా సాధ్యం? ఫుచిదా కథనం ఈ ఒక్క ప్రశ్న వద్దనే కూలిపోతుంది.

కాలనిర్ణయ వివాదం

ఉదయం 7:15కు నగుమో, నౌకలపై దాడికి సిద్ధపరచి ఉంచిన విమానాలకు మిడ్వే దీవిపై వేయవలసిన బాంబులను అమర్చమని ఆదేశించాడు. టోనె నౌక నుండి వెళ్ళిన 4వ నిఘా విమానం శత్రునౌకలు కనిపించాయని 7:28కి వార్త పంపింది. అది నగుమోకు ఎప్పుడు చేరింది? ఆయుధాల మార్పిడి ఎంతవరకు సాగిందన్నది దీనిపైనే ఆధారపడి ఉంటుంది. 2000లో అమెరికా నౌకాదళ యుద్ధ కళాశాల పత్రికలో ఐసోమ్, ఆ వార్త సుమారు 8 గంటలకు గాని అందలేదని వాదించాడు. ఆ లెక్కన మార్పిడి చాలా దూరం సాగి ఉండాలి, తిరిగి టార్పెడోలు అమర్చడానికి ఎక్కువ సమయం పట్టి ఉండాలి. మరుసటి సంవత్సరం అదే పత్రికలో పార్షల్, టల్లీ, డేవిడ్ డిక్సన్ దీనిని ఖండించారు. నౌకల రకాలు తెలుసుకోమని ఆ నిఘా విమానానికే 7:47కు నగుమో పంపిన ఆదేశం రికార్డులో ఉంది. అందని వార్తకు ప్రత్యుత్తరం ఇవ్వడం జరగదు. ఐసోమ్ దృష్టిలో యుద్ధానంతరం కూర్చిన నివేదికలోని సమయాలు నమ్మదగినవి కావు. ఆ అనుమానం సహేతుకమైనదే. కానీ నివేదికలోని ఒక సమయాన్ని స్వీకరించి, తన వాదానికి అడ్డువచ్చే మరొకదానిని తోసిపుచ్చడానికి అంతకంటె బలమైన ఆధారం అవసరం. ఐసోమ్ 2007లో ప్రత్యేక గ్రంథం రాసినప్పటికీ ఆ లోటు తీరినట్లు కనిపించదు.

హిందూ మహాసముద్రంలోని పూర్వరంగం

నగుమో ఈ సంకటంలో మొదటిసారి చిక్కుకున్నది మిడ్వే వద్ద కాదు. 1942 ఏప్రిల్ 5న కొలంబోపై దాడి జరిగిన రోజున కూడా టార్పెడో విమానాలకు బాంబులు అమర్చమని ఆదేశం వెలువడింది. అంతలో బ్రిటిష్ నౌకల జాడ తెలియగా మళ్ళీ టార్పెడోలకు మారమన్నారు. ఆ గందరగోళంలో డైవ్ బాంబర్లే ముందుగా వెళ్ళి డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే క్రూయిజర్లను ముంచాయి. ఏప్రిల్ 9న తొమ్మిది బ్రిటిష్ బ్లెన్‌హైమ్ విమానాలు ఎవరి కంటా పడకుండా వచ్చి అకాగి పక్కన బాంబులు వేశాయి. ఒక్కటీ తగలలేదు గనుక ఆ హెచ్చరిక మరుగున పడింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసినది ఈ దళం కాదు. ఒజావా నాయకత్వంలో ర్యూజో వాహక నౌకతో బంగాళాఖాతంలోకి వచ్చిన వేరొక దళం. అయినా తెలుగు తీరం చవిచూసిన భయం ఈ దండయాత్రలో భాగమే. మిడ్వే చర్చలో హిందూ మహాసముద్ర ఘట్టానికి తగిన చోటు దొరకకపోవడం ఆశ్చర్యకరం. నగుమో తప్పిదాన్ని ఒక్క ఉదయపు తొట్రుపాటుగా చూడడం సులభం. రెండు నెలల ముందు ఎదురైన లోపాన్ని సరిదిద్దుకోని వ్యవస్థను విచారించడం అంత సులభం కాదు.

మృతుల లెక్క

జపాన్ రచయిత్రి సవాచి హిసాయె సైతం విద్యాసంస్థలకు వెలుపలి పరిశోధకురాలే. ఆమె 1980లలో మిడ్వేలో మరణించిన ఇరుపక్షాల సైనికుల పేర్లను ఒక్కొక్కటిగా సేకరించింది. జపాన్ మృతులు 3,057 మందిగా తేలారు. పార్షల్, టల్లీ ఈ జాబితాను వాడుకొని, వారిలో విమాన సిబ్బంది 110 మంది మాత్రమేనని చూపారు. జపాన్ తన శ్రేష్ఠ వైమానికులను మిడ్వేలోనే కోల్పోయిందన్న ప్రసిద్ధ వాదం దీనితో వీగిపోయింది.

అకాగిలో 267 మంది, కాగలో 811 మంది మరణించారు. ఇంధనం నింపిన విమానాలు, టార్పెడోలు, భద్రపరచడానికి వ్యవధి లేక పక్కన పెట్టిన బాంబులు మూసి ఉన్న హ్యాంగర్లలోనే ఉండడంతో మంటలు అక్కడే చెలరేగాయి. ఫుచిదా వర్ణించిన దృశ్యంలో మృత్యువు తెరిచిన డెక్ మీద, విమానచోదకుల నడుమ సంభవిస్తుంది. సవాచి జాబితాలో వందల సంఖ్యలో కనిపించేది మెకానిక్కులు. ఆ ఉదయం బాంబులు అమర్చమన్న ఆదేశాన్నీ, ఆపమన్న ఆదేశాన్నీ, మళ్ళీ టార్పెడోలు అమర్చమన్న ఆదేశాన్నీ డెక్ కింద నిలబడి అమలు చేసినవారు వారే.