లెక్కలో ఓడి, లెక్కలో గెలిచిన గిరి

ఓట్లు వేయుట యొక యెత్తు, వేసిన యోట్లను లెక్కించుట మఱియొక యెత్తు అనుటకు వరాహగిరి వేంకటగిరిగారి జీవితమును మించిన నిదర్శనము తెలుగువారికి దొరకదు.

1957లో శ్రీకాకుళము జిల్లా పార్వతీపురము ద్విసభ్య లోక్‌సభ నియోజకవర్గము. అందొక స్థానము షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడినది, రెండవది జనరలు స్థానము. ఓటరునకు రెండోట్లు గలవు గాని ఆ రెండును ఒక్కరికే ఇచ్చుటకు వీలులేదు. లెక్కింపునందు మొదట షెడ్యూల్డు తెగల అభ్యర్థులలో అధికముగా ఓట్లు పడినవారికి ప్రత్యేక స్థానము నిచ్చి, పిదప మిగిలిన యందఱిలో, తెగయు కులమును చూడక, ముందున్నవారికి రెండవ స్థానము నొసగుదురు. కేంద్రమున కార్మిక మంత్రిపదవిని నిర్వహించి 1954లో రాజీనామా ఇచ్చిన గిరిగారు కాంగ్రెసు పక్షమున జనరలు స్థానమునకు నిలిచిరి. ప్రత్యేక స్థానము బిడ్డిక సత్యనారాయణగారికి దక్కెను. మిగిలినవారిలో డిప్పల సూరిదొరగారు, ఆయనయు షెడ్యూల్డు తెగవారే, గిరిగారికంటె 565 ఓట్లు ముందుండిరి. ప్రత్యేక స్థానమునకు నిలిచినవారు జనరలు స్థానమునకు తగరనియు, సూరిదొరగారు తెగను వీడి క్షత్రియులైరనియు గిరిగారు చేసిన వాదమును 1959లో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చెను. నా మట్టుకు ఆ తీర్పు సమంజసమే: ప్రత్యేక స్థానము రక్షణయే గాని హద్దు కాదు గదా! 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గములనే రద్దు చేసెను.

1969లో రాష్ట్రపతి పదవికై స్వతంత్రుడుగా నిలిచిన గిరిగారికి ప్రత్యర్థి మఱియొక తెలుగువాడు, కాంగ్రెసు అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఈ ఎన్నికలో శాసనసభ్యులును పార్లమెంటు సభ్యులును అభ్యర్థులకు తమ యిష్టక్రమమున అంకెలు వేయుదురు. ఎవరికిని సగము మించకున్నచో అందఱికంటె వెనుకబడినవారిని తొలగించి, వారి ఓట్లను తరువాతి ప్రాధాన్యము ననుసరించి బదిలీ చేయుదురు. ప్రథమ ప్రాధాన్యమున గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, మఱియొక అభ్యర్థి సి. డి. దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 ఓట్ల విలువ లభించెను. గెలుపునకు 4,18,169 కావలసియుండెను. బదిలీల పిదప తుదిలెక్కలో గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427. రెండవ ప్రాధాన్యపు ఓట్లే గిరిగారిని గట్టెక్కించినవని లోకమున వాడుక గలదు. అది సగమే నిజము. బదిలీయైన యోట్లలో రెడ్డిగారికి వచ్చినవి 91,879, గిరిగారికి 18,562 మాత్రమే. సాధారణ ఎన్నికల పద్ధతిలో దాదాపు 88 వేల ఆధిక్యముతో గెలువవలసిన గిరిగారు ఈ పద్ధతిలో 14,650 ఆధిక్యముతో బయటపడిరి.

నాటి తరువాత నేటివఱకు ఏ రాష్ట్రపతి ఎన్నికలోను రెండవ ప్రాధాన్యమును లెక్కింపవలసిన యవసరము కలుగలేదు.