పెరట్లో మంట, ఊరంతా పొగ: లాస్ ఏంజెలెస్ కథ

మన వీధుల్లో పొద్దున్నే ఎండుటాకులు ఊడ్చి, కుప్ప పోసి, అగ్గిపుల్ల గీసేస్తారు. ఎదురింట్లో ఆయాసం ఉన్న పెద్దావిడ తలుపులు వేసుకుంటుంది. "ఈ గుప్పెడు ఆకులకి ఏమవుతుందిలే" అంటాం. ఒకప్పుడు ఒక మహానగరం మొత్తం ఇదే మాట అనుకుంది.

1943 జూలై 26, లాస్ ఏంజెలెస్. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఉన్నట్టుండి ఊరిని పొగ కమ్మేసింది. కళ్ళు మంట, గొంతు మంట. జపాన్ వాళ్ళు విషవాయువు వదిలారేమో అని కొంతమంది హడలిపోయారు. తర్వాత అనుమానం ఒక కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీ మీదకి వెళ్ళింది. దాన్ని కట్టడి చేశారు. పొగ మాత్రం పోలేదు. మా కోడింగ్ వాళ్ళకి ఇది బాగా తెలుసు, బగ్ ఒక్క ఫైల్‌లోనే ఉండదు.

అక్కడ లక్షల ఇళ్ళ పెరట్లో ఇన్సినరేటర్ అని ఒక చిన్న పొయ్యి ఉండేది. ఆకులు, కాగితాలు, చెత్త అన్నీ అందులోనే కాల్చేవాళ్ళు. పైగా ఊరి వెనక కొండలు, నెత్తిన వేడిగాలి పొర. కుక్కర్‌కి మూత పెట్టినట్టే, పొగ ఎటూ పోదు.

1947లో కౌంటీ వాళ్ళు గాలి కాలుష్యం కోసమే ఒక సంస్థ పెట్టారు. ఫ్యాక్టరీల జోలికి వెళ్ళారు కానీ, ఓటరు పెరట్లోకి వెళ్ళడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. 'మరి మా చెత్త ఎవరు తీసుకెళ్తారు?' అనేది న్యాయమైన ప్రశ్నే కదా! 1954 అక్టోబర్‌లో రోజుల తరబడి పొగ పట్టేసింది. చివరికి 1957 అక్టోబర్ 1 నుంచి పెరటి మంటలు బంద్. ఆ చెత్తని బండ్లలో తీసుకెళ్ళే ఏర్పాటూ చేయాల్సొచ్చింది.

పొగ పూర్తిగా పోయిందా? లేదు. కార్ల పొగ, రిఫైనరీల ఆవిర్లు ఎండకి ఓజోన్‌గా మారుతున్నాయని హాగెన్-స్మిట్ అనే సైంటిస్టు అప్పటికే తేల్చారు. దాని మీద పోరాటం తర్వాత దశాబ్దాల పాటు నడిచింది.

ఇప్పుడు కాలిఫోర్నియా పల్లెల్లో ఆకులు కాల్చాలంటే అనుమతి ఉన్న రోజే కాల్చాలి. కుప్ప నాలుగడుగులు దాటకూడదు. చుట్టూ పదడుగులు శుభ్రం చేయాలి. నీళ్ళు, పార దగ్గర పెట్టుకోవాలి. మంట ఆరేదాకా పెద్దవాళ్ళు ఒకరు అక్కడే ఉండాలి.

మన దేశంలోనూ రూల్ ఉంది. బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబర్ 22న చెప్పింది. కానీ ఆకులు తీసుకెళ్ళే బండి రాకపోతే, చీపురు పట్టుకున్న మనిషిని తిట్టి ఏం లాభం?

మీ వీధిలో ఆకులు ఎక్కడికి వెళ్తున్నాయో ఒకసారి చూసి కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.