నెల్లూరు సీమలో తాఖీదు: అర్థం, వాడుక, పరిణామం

ఫలానా సొమ్ము చెల్లించాలని, ఫలానా పని చేయాలని, లేదా ఫలానా విషయానికి సంజాయిషీ ఇవ్వాలని అధికార స్థానం నుంచి గట్టిగా కోరుతూ వచ్చే ఉత్తర్వును తెలుగులో తాఖీదు అంటారు. నొక్కి చెప్పడం అనే అర్థమున్న అరబ్బీ పదం పారసీ, హిందుస్తానీల మీదుగా తెలుగు కచేరీలకు చేరింది. 1852లో అచ్చయిన సి.పి. బ్రౌను నిఘంటువు నాటికే ఇది స్థిరపడిన మాట. అంతకుముందు విజయనగర కాలంలో ఇలాంటి వ్రాతపూర్వకమైన ఆజ్ఞను నిరూపం అనేవారు. రాజోద్యోగులలో రాయసం వారి పని ఇలాంటి పత్రాలు వ్రాయడమే.

గోల్కొండ సుల్తానుల, ఆర్కాటు నవాబుల ఏలుబడి తరువాత నెల్లూరు సీమ 1801లో ఈస్టిండియా కంపెనీ వశమైంది. ఈ సీమలో స్వర్ణముఖి ఒడ్డున ఉన్న నాయుడుపేటకు పొరుగు సంస్థానాలైన వెంకటగిరి, కాళహస్తులకు కంపెనీ 1802లో సనదులు, అంటే అధికార పత్రాలు ఇచ్చి, వాటి జమీందారులు సైన్యం పంపవలసిన బాధ్యతను తొలగించి, అందుకు బదులుగా పేష్కస్సును, అంటే ఏటా సర్కారుకు కట్టే సొమ్మును పెంచింది. సర్కారు జమీందారును అడిగేది పేష్కస్సు, జమీందారు రైతును అడిగేది శిస్తు. అదే ఏడాది వచ్చిన 28వ రెగ్యులేషను బకాయిపడ్డ రైతు చరాస్తిని జప్తు చేసే అధికారాన్ని జమీందారుకు ఇవ్వడంతో, పైనుంచి దిగిన ఒత్తిడి చివరకు సేద్యగాడి గడప మీదనే పడింది.

ఈ ఏకపక్ష అధికారానికి హద్దులు మెల్లగా ఏర్పడ్డాయి. 1864 నాటి మద్రాసు రెవిన్యూ రికవరీ చట్టం, బకాయిదారు భూమిని జప్తు చేయడానికి ముందు వ్రాతపూర్వకమైన డిమాండు నోటీసు అందించి తీరాలన్నది. ఆ కాగితంలో బకాయి మొత్తం, ఏ భూమికి సంబంధించినదో, బాకీదారు పేరు, చెల్లింపునకు గడువు మాత్రమే కాక, నోటీసు తెచ్చిన బంట్రోతుకు చెల్లవలసిన బత్తా కూడా ఉండాలి. మనిషి దొరకకపోతే అతడి ఇంటి మీదనో, జప్తు కాబోయే పొలంలోనో నలుగురికీ కనబడేచోట నకలు అంటించాలి. మరుసటి ఏటి శిస్తు వసూలు చట్టం ప్రకారం పట్టా, ముచ్చిలికలు, అంటే జమీందారు ఇచ్చే హక్కు పత్రం, రైతు తిరిగి వ్రాసిచ్చే ఒప్పుదల పత్రం, మార్చుకోనిదే జప్తుకు గాని దావాకు గాని దిగడానికి వీలు లేదు. అడిగేవాడు తన హక్కును కాగితం మీద ముందుగా చూపాలన్న సూత్రం ఇక్కడ బలపడింది.

తాఖీదు పైనుంచి కిందికి వచ్చేదైతే అర్జీ, మహజరు కిందినుంచి పైకి వెళ్లేవి. పలువురు కలిసి సంతకాలు చేసిన విన్నపాన్ని మహజరు అనేవారు. 1930లో నెల్లూరు వెంకట్రామానాయుడు ‘జమీన్ రైతు’ వారపత్రికను స్థాపించి, వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన నిలిచినప్పటికి విన్నపపు భాష హక్కు భాషగా మారుతున్నది. సర్కారు లెక్కల్లో వసూలు కావలసిన మొత్తాన్ని సూచించే డిమాండు అనే మాట రైతు సభల్లో న్యాయమైన కోరికకు పేరైంది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో రైతుకూ ప్రభుత్వానికీ మధ్య జమీందారు తొలగిపోయాడు.

1984లో గ్రామాధికారులైన కరణం, మునసబుల వ్యవస్థ రద్దయి, మరుసటి ఏడాది మండలాలు ఏర్పడ్డాక నోటీసు ఇచ్చే చేతులు మారాయి గాని నోటీసు పోలేదు. ఉదాహరణకు, ఎన్నికల వేళ లారీలను, బస్సులను కోరే రిక్విజిషను ఉత్తర్వు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం కింద వస్తుంది. యజమానికి పరిహారం చెల్లించాలని కూడా ఆ చట్టమే చెబుతుంది. మేనకూరు పారిశ్రామిక వాడ వెలసిన నాయుడుపేట మండలం వంటి చోట్ల భూసేకరణ నోటీసుకున్న ప్రాధాన్యం చెప్పనక్కరలేదు. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక ప్రకటన గ్రామ పంచాయతీలో స్థానిక భాషలో వెలువడాలి, అభ్యంతరాలు తెలపడానికి 60 రోజుల గడువు ఉండాలి.

అడిగే అధికారం ఏ కాలంలోనైనా ఉన్నదే. ఎంత, ఎందుకు, ఏ చట్టం కింద, ఎప్పటిలోగా అన్నవి కాగితం మీద తేల్చిచెప్పవలసిన బాధ్యత మాత్రం ఈ రెండు శతాబ్దాలలో ఒక్కొక్క నిబంధనగా వచ్చి చేరింది. ఆ వివరాలు చదివి, లోపమున్నచోట అభ్యంతరం చెప్పగలిగినప్పుడే పౌరుడికి ఆ నిబంధనల ఫలం దక్కుతుంది. కాబట్టి ప్రతి నోటీసూ అందుకునేవారికి అర్థమయ్యే తెలుగులో ఉండడం పాలనలో మొదటి మర్యాద, న్యాయానికి మొదటి మెట్టు.