గాననిర్ణయమున ప్రమాణమేది? స్వరుచియా, లోకప్రశస్తియా?

భజన ముగిసి ప్రసాదవితరణము జరుగు వేళ భక్తుల నడుమ ఒక వివాదము తరచుగా తలయెత్తును. ఒకే సంకీర్తనను ఇద్దరు గాయకులు పాడియున్నచో, ఉత్తమగానము ఎవరిది? “నా మనస్సునకు హత్తుకొన్నది ఇది” అని ఒకరందురు. “లోకమంతయు మెచ్చినది అది” అని మరియొకరందురు. మొదటివారికి స్వరుచి ప్రమాణము. రెండవవారికి జనసమ్మతి ప్రమాణము. ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. భరతముని దీనిని శాస్త్రదృష్టితో విచారించినాడు. తాళ్లపాక సంకీర్తనల చరిత్ర దీనిని అనుభవమున పరీక్షించి చూపినది.

నాట్యశాస్త్రమున 27వ అధ్యాయము సిద్ధివిచారమునకు ఉద్దిష్టమైనది. గీతవాద్యములతో కూడిన ప్రయోగము సఫలమైనదని ఎట్లు గుర్తింపవలెను? సిద్ధి రెండు విధములని ముని సమాధానము: మానుషి, దైవికి. ప్రేక్షకుల చిరునవ్వు, సాధువాదము, బిగ్గరగా చేయు హర్షధ్వానము, రోమాంచము, ఆసనము విడిచి లేచుట, వస్త్రములను ఉంగరములను బహూకరించుట మానుషీ సిద్ధికి చిహ్నములు. దైవికీ సిద్ధి లక్షణము వేరు. అచ్చట శబ్దము లేదు, క్షోభ లేదు, ఉత్పాతము లేదు. రంగము మాత్రము పరిపూర్ణముగా నిండియుండును. ఇందు గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. భరతుడు జనులను నిరాకరింపలేదు. దైవికీ సిద్ధికిని నిండిన సభ కావలెను. కాని కరతాళధ్వనిని ఆయన పరమావధిగా గ్రహింపలేదు.

స్వరుచి విషయమున ముని మరింత నిశితముగా పలికినాడు. తరుణులు శృంగారమున, విరక్తులు మోక్షకథలయందు, శూరులు వీరరౌద్రములయందు, వృద్ధులు పురాణాఖ్యానములయందు సంతోషింతురు. అనగా రుచి వయస్సును, స్వభావమును, సంస్కారమును అనుసరించి మారును. ఉత్తమప్రేక్షకునకు చెప్పిన గుణములన్నియు ఒక్కనియందే ఉండుట సాధ్యము కాదనియు ఆయనయే అంగీకరించినాడు. అందువలన వివాదము కలిగినపుడు నిర్ణయించుటకు ప్రాశ్నికులను నియమించినాడు. యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందోవేత్త, వైయాకరణుడు, చిత్రకారుడు, గాయకుడు మొదలగువారు పదిమంది. ఎవరికి ఏ విద్య తెలియునో, వారు ఆ అంశమును గూర్చియే తీర్పు చెప్పవలెను. “నాకు నచ్చినది” అనుట అనుభవకథనము; “ఇది ఉత్తమము” అనుట నిర్ణయము. మొదటిదానికి హృదయము చాలును. రెండవదానికి విద్య కావలెను.

ఇక చరిత్ర. శ్రీ తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుండి 1503 వరకు జీవించిన వాగ్గేయకారులు. వారి మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన చరితమున ఒక ఘట్టము కలదు. శ్రీనివాసునిపై చెప్పిన శృంగారపదమును విని సాళువ నరసింహరాయలు పరవశుడైనాడు. అట్టి పదమును తనపై చెప్పుమని కోరినాడు. ఆచార్యులు చెవులు మూసికొని హరినామము స్మరించిరి. ఫలితము సంకెల. రాజునకు రుచి లేకపోలేదు; ఆ పదము యొక్క మాధుర్యము ఆయనకు తెలిసినది. కాని ఆ మాధుర్యము ఎవరి నిమిత్తము పుట్టినదో తెలియలేదు. రుచి అహంకారముతో కూడినపుడు వినుటతో తృప్తి చెందదు. గానము తనకే చెందవలెనని కోరును.

ఆచార్యులు 32,000 సంకీర్తనలు రచించిరని చిన్నన్న వచనము. కుమారులైన పెదతిరుమలాచార్యుల కాలమున అవి రాగిరేకులపై చెక్కబడి, తిరుమల ఆలయమున సంకీర్తన భాండారమున నిక్షిప్తములైనవి. తరువాత మూడు శతాబ్దములకు పైగా ఆ సంపదలో అధికభాగము లోకమునకు వినబడలేదు. 20వ శతాబ్ది పూర్వార్ధమున రేకులు వెలికివచ్చి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతుల కృషితో పరిష్కృతములైనవి. నేడు లభించుచున్నవి ఆ సంఖ్యలో సగమునకు లోబడియే యున్నవి.

జనాదరణయే ప్రమాణమైనచో, ఈ సంకీర్తనలు మూడు వందల ఏండ్లు నిస్సారములై, ముద్రణము కాగానే సారవంతములైనవని అంగీకరింపవలసివచ్చును. ఇది హాస్యాస్పదము. రేకుపై ఒక్క అక్షరమును మారలేదు. మారినది వినువారి భాగ్యము మాత్రమే.

అట్లని స్వరుచియే శరణ్యమా? అదియు కాదు. రేకులపై ప్రతి సంకీర్తనకును రాగనామము కలదు, స్వరలిపి లేదు. సామంతము, పాడి, ఆహిరి, దేశాక్షి వంటి పేర్లు కనబడును గాని, వానిలో కొన్నింటి నాటి రూపము నేటి గాయకులకు అందుబాటులో లేదు. స్వరకల్పన చేయువానికి స్వేచ్ఛ అపారము, ప్రమాదమును అంతియే. రాళ్లపల్లివారు తెలుగు, సంస్కృతము, సంగీతము మూడింటను నిష్ణాతులు. 1974లో సంగీత కళానిధి బిరుదమును పొందినవారు. పదార్థమును, భావమును, రాగస్వభావమును ముందు విచారించి, తరువాతనే స్వరము కూర్చిరి. రుచిని త్రోసివేయలేదు, దానిని శాస్త్రమునకు శిష్యునిగా నిలిపిరి.

అటుపై ప్రశస్తి వచ్చినది. తిరుమల తిరుపతి దేవస్థానముల అన్నమాచార్య ప్రాజెక్టు, శ్రీమతి ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానము, 1997 నాటి చలనచిత్రము ఈ సంకీర్తనలను గృహగృహమునకు చేర్చినవి. ఇది నింద్యము కాదు, మహోపకారము. కాని ప్రశస్తికి ఒక దోషము కలదు. అది కొన్నింటిని ఎన్నుకొని వానినే మరలమరల వినిపించును. వేలకొలది సంకీర్తనలు నేటికిని గ్రంథములలో మౌనముగా నున్నవి. పూర్వము మౌనమునకు రాగిరేకులు ఆశ్రయము, నేడు ముద్రితపత్రములు.

తిరుమలలో రాత్రి ఏకాంతసేవ వేళ స్వామి శయనించుచుండగా, తాళ్లపాక వంశీయులు లాలి పాడుట సంప్రదాయము. “తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి హారతి” అని భక్తుల నానుడి. ఆ గానమునకు కరతాళధ్వని లేదు, పోటీ లేదు, శ్రేణి లేదు. శ్రోత ఒక్కడే. ఆ ఒక్కనితోనే రంగము నిండును. భరతుడు చెప్పిన దైవికీ సిద్ధికి ఇంతకన్న దృష్టాంతము కావలెనా?

కావున ఏ గాయకుని గూర్చియైనను తీర్పు చెప్పుటకు ముందు సాధకుడు తన్ను తాను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. పదము స్పష్టముగా, అర్థభంగము లేక పలికినదా? రాగము భావమును మోసినదా, మూసినదా? గానము ముగిసిన పిదప మనస్సు గాయకునివద్ద నిలిచినదా, గేయమునకు లక్ష్యమైన స్వామివద్ద నిలిచినదా? మొదటి రెండింటికి విద్యావంతుల మాట వినవలెను. మూడవదానికి సాక్షి తన అంతఃకరణమే. అచ్చట లోకముతో పని లేదు.

సర్వం శ్రీవేంకటేశ్వరార్పణమస్తు.