మాటల తీగపై అక్షరము

గోదావరిఖని గనులకును, సింగరేణి సంస్థ ప్రధాన కార్యాలయమున్న కొత్తగూడెమునకును నడుమ త్రోవ 200 కిలోమీటర్లకు మించి యున్నది. గోదావరిఖని బొగ్గునకు ఆ దూరముతో అంతగా పని లేదు. గనినుండి వెలువడిన బొగ్గు ప్రత్యేకముగా వేసిన రైలుమార్గమున ప్రక్కనే యున్న రామగుండము విద్యుత్కేంద్రమునకు చేరును. కాగితము సంగతి అట్లు కాదు. ఏ గనిలో ఏ పూట ఎన్ని టన్నులు తీసిరి, ఏ యంత్రమునకు ఏ విడిభాగము కావలెను, ఏ కార్మికుని ఏ ఆసుపత్రికి పంపవలెను అను వ్రాతలన్నియు ఊరు దాటి పోవలసినవే. 2023–24లో ఈ సంస్థ అన్ని గనులనుండి త్రవ్విన బొగ్గు సుమారు 7 కోట్ల టన్నులు. అంత బొగ్గు వెనుక ఎన్ని కాగితములు నడచియుండునో శ్రోతలే ఊహింపగలరు.

గనుల విషయమున వ్రాత ఆలస్యమగుట కేవలము కార్యాలయపు చిక్కు కాదు. ప్రాణములు పోయిన ప్రమాదమును వెంటనే గనుల తనిఖీ అధికారులకు టెలిఫోను ద్వారా గాని, ఎక్స్‌ప్రెస్ తంతి ద్వారా గాని, ప్రత్యేక దూతను పంపి గాని తెలుపవలెనని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు శాసించినవి. 24 గంటలలోగా నిర్ణీతమైన పత్రమును వ్రాసి పంపవలెననియు విధించినవి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొరబడి 17 మంది మరణించిరి. అట్టి దినములను చూచిన నేలపై నిబంధనలోని ఆ తొందర ఎందులకో వేరుగా చెప్పనక్కరలేదు. నోటిమాట త్వరగా పోవును గాని నిలువదు. కాగితము నిలుచును గాని త్వరగా పోదు. ఈ రెంటిని కలిపి, కాగితమునే తీగపై పంపుటకు జరిగిన యత్నముల కథ పెద్దది. అందు కడపటి ఘట్టము, టెలిఫోను మాటలే ఇంటర్నెట్టుపై నడచు కాలమున ఫ్యాక్సునకును మోడెమునకును వచ్చిన చిక్కు.

ఈ యత్నము మనమనుకొనునంత క్రొత్తది కాదు. టెలిఫోను పుట్టుటకు 33 సంవత్సరములు పూర్వమే, 1843లో, స్కాట్లండు దేశీయుడగు అలెగ్జాండర్ బెయిన్ దీనికి హక్కుపత్రము పొందెను. ఆయన గడియారములు చేయు పనివాడు. ఆయన యంత్రమున ఒక లోలకము ఊగుచు లోహపు అచ్చును తాకిన చోటనెల్ల విద్యుత్తు పారును. ఆవలి చివర మరియొక లోలకము అదే తాళమున ఊగుచు, రసాయనము పూసిన కాగితముపై మచ్చ వేయును. రెండు లోలకములును ఒకే తాళమున ఊగవలెను. ఈ నియమమును శ్రోతలు మనస్సున నుంచుకొందురు గాక! నూట ఏబది ఏండ్ల తరువాత ఇంటర్నెట్టుపై ఫ్యాక్సు పంపబూనిన వారిని ముప్పుతిప్పలు పెట్టినది ఇదియే. 1865లో ఇటలీవాడగు కసెల్లి నిర్మించిన యంత్రము పారిస్, లియాన్ నగరముల నడుమ ప్రజల ఉపయోగమునకు వచ్చినది. బ్యాంకులవారు సంతకములను సరిచూచుకొనుటకు దానిని వాడుకొనిరి. ఇరువదవ శతాబ్దపు తొలి దశలలో జర్మనీలో కార్న్, ఫ్రాన్సులో బెలాన్ పత్రికలకు ఛాయాచిత్రములను తీగపై పంపిరి. పిమ్మట అరువది ఏండ్లకు పైగా ఈ విద్య పత్రికలకును, వాతావరణ పటములకును, సైన్యములకును పరిమితమై యుండెను.

1980లో అంతర్జాతీయ తంతి టెలిఫోను సలహా సంఘము మూడవ తరగతి ఫ్యాక్సు ప్రమాణమును ప్రకటించిన తరువాతనే అది సామాన్య కార్యాలయములకు దిగివచ్చెను. దీనివలన తెలుగువారికి కలిగిన మేలు ఒకటి గలదు. దానిని తగినంతగా ఎవరును చెప్పుకొనలేదని నా తలంపు. తంతి వార్తలో తెలుగు మాటకు సామాన్యముగా ఇంగ్లీషు అక్షరముల వేషము తప్పెడిది కాదు. శుభాకాంక్షలకైతే వరుస సంఖ్యలు వేసిన సిద్ధవాక్యములే యుండెడివి. టెలెక్సు యంత్రమునకును మన లిపి తెలియదు. ఫ్యాక్సునకు ఏ లిపియు తెలియదు, అందువలననే అన్ని లిపులును దానికి సమానము. కాగితమును అడ్డుగీతలుగా చీల్చి, ఒక్కొక్క గీతలో 1728 చుక్కలను పరీక్షించి, నలుపో తెలుపో చెప్పుటయే దాని పని. గని మేనేజరు తెలుగులో వ్రాసిన చీటి తెలుగులోనే, ఆయన దస్తూరీతోనే, ఆయన కొట్టివేతలతోనే చేరును.

1980, 90 దశకములలో మన పట్టణముల వీధులలో వెలసిన ఎస్.టి.డి., ఐ.ఎస్.డి. అంగళ్ళ బోర్డులపై "జిరాక్స్, ఫ్యాక్స్" అను మాటలు చేరినది ఇందుచేతనే. వేడిచే నలుపెక్కు కాగితపు చుట్ట ఆ యంత్రములలో నుండెడిది. కొంతకాలమునకు ఆ అక్షరములు వెలిసిపోవును గనుక, తెలిసిన గుమాస్తాలు వచ్చిన ఫ్యాక్సును వెంటనే జిరాక్సు తీయించి, ఆ నకలును ఫైలులో నుంచెడివారు.

ఇక యంత్రము చేయు మాయను చూతము. ఊరూర నున్నది మాటలాడుటకు వేసిన తీగయే. ఆ తీగ సెకనుకు 300 మొదలు 3400 వరకు స్పందనములుగల ధ్వనులను మాత్రమే మోయును. మానవ కంఠమునకు అంత చాలును. కావున కాగితము కూడ కంఠస్వరపు వేషము వేసికొనవలసి వచ్చెను. పిలుచు యంత్రము 1100 స్పందనముల కూతను అరసెకను వినిపించి, మూడు సెకనులు ఆగి, మరల వినిపించును. అవతలి యంత్రము 2100 స్పందనముల దీర్ఘమైన ఈలతో బదులు పలుకును. పిమ్మట రెండును నెమ్మదిగా, సెకనుకు 300 బిట్ల చొప్పున, అనగా ఒకటి లేక సున్న అను గుర్తులతో, నీవెంత వేగము పోగలవు, నేనెంత పోగలను అని మంతనములాడి, తుదకు 9600 గాని 14400 గాని వేగమున పుటను పంపును. ఆ సమయమున టెలిఫోను తీసినవారికి వినబడు గరగరధ్వని ఆ పుటయే. మోడెము కూడ ఇట్టిదే. అమెరికాలో 1962 నాటి బెల్ 103 మోడెము సెకనుకు 300 బిట్లు పంపెడిది. మన దేశమున 1995 ఆగస్టు 15న విదేశ సంచార నిగమము ప్రజలకు ఇంటర్నెట్టును తెరచినప్పుడు, ఇండ్లలోని కంప్యూటర్లు దానిని చేరినది ఈ ఈలలతోడనే.

1983లో తొలి యూనిట్టు పనిచేయ నారంభించిన రామగుండము విద్యుత్కేంద్రమువంటి వానికి సంబంధించిన విద్యలోను ఈ వేషమే కలదు. విద్యుత్తును మోయు పెద్ద తీగలపైననే సమాచారమును కూడ పంపు పద్ధతి దేశమున చిరకాలముగా నున్నది. అందు ఒకే స్వరమార్గమును రెండుగా పంచి, క్రింది భాగమున ఇంజనీర్ల మాటలను, పై భాగమున మోడెముల ఈలలను నడిపెడివారు. మాట కొంత మందముగా వినబడినను ఇబ్బంది లేదు. ఈల చెడిన మాత్రము ఉపకేంద్రపు లెక్క తప్పును.

ఇట్లుండగా, మాట పోవు దారియే మారినది. పూర్వము మనము మాటలాడినంతసేపు ఒక మార్గము మనకొరకే తెరచియుండెడిది. ఇంటర్నెట్టు పద్ధతిలో అట్టి ప్రత్యేక మార్గము లేదు. కంఠస్వరమును సెకనుకు 8000 మార్లు కొలిచి, ఆ అంకెలను సాధారణముగా సెకనులో ఏబదవ వంతు కాలపు పొట్లములుగా కట్టి, చిరునామా వ్రాసి పంపుదురు. ఒక పొట్లము ముందు, ఒకటి వెనుక చేరును. ఒకటి చేరకనే పోవును. 2002 ఏప్రిల్ 1 నుండి మన దేశమున ఇంటర్నెట్టు టెలిఫోనునకు పరిమితులతో అనుమతి లభించినది. 2018లో ఆ పరిమితులు చాలవరకు సడలినవి. ఈ నడుమ 2010 దశకమున భారత సంచార నిగమము సైతము తన పాత ఎక్స్ఛేంజీలను పొట్లముల పద్ధతికి మార్చనారంభించెను. వినియోగదారుని బల్లపై అదే టెలిఫోను, అదే సంఖ్య. లోపల మాత్రము దారి వేరు.

గనిలో హాలేజి గంటను ఎరిగినవారికి ఇకపై జరుగునది సులభముగా బోధపడును. వాలుదారిలో టబ్బులను లాగు ఇంజనుకడకు క్రిందినుండి గంటకొట్టి సంజ్ఞ పంపుదురు. ఎన్ని దెబ్బలు, నడుమ ఎంత ఎడము అనునదే అక్కడ భాష. ఒక దెబ్బ మ్రింగుడుపడినచో "ఆపుము" అనునది మరియొకటి కావచ్చును. కేకవేసి చెప్పిన మాటలో ఒక అక్షరము జారినను వినువాడు పూరించుకొనును. మనుష్యుని చెవి ఉదారమైనది, మోడెము చెవి లోభి.

సంభాషణలో ఒక పొట్లము పోయినచో, యంత్రము ముందటి ధ్వనినే కొంచెము సాగదీసి ఆ సందును కప్పును; మనకు తెలియనే తెలియదు. ఫ్యాక్సు గీతలో అదే సందు వచ్చినచో కొన్ని గీతలు చెడును, లేదా యంత్రము తాళము తప్పి పిలుపును తెంచుకొనును. ఇంతేకాదు. దారి ఖర్చు తగ్గించుటకై మాటను కుదించు ఉపాయములున్నవి. సామాన్యముగా సెకనుకు 64000 బిట్లు పట్టు మాటను 8000 బిట్లకు అణచు పద్ధతి 1990 దశకమున వచ్చినది. మనుష్యుని కంఠము ఎట్లు ధ్వనించునో ముందే ఊహించుకొనుట దాని కిటుకు. ఫ్యాక్సునకు కంఠము లేదు. అదియునుగాక, 14400 బిట్ల వేగమున పలుకుదానిని 8000 బిట్ల ద్వారమున దూర్చుట ఎవరి తరము?

ఇక బెయిన్ లోలకముల సంగతి. పాత టెలిఫోను వ్యవస్థయంతయు ఒకే గడియారమునకు లోబడి నడచెడిది. పొట్లముల పద్ధతిలో రెండు చివరల నున్న పెట్టెలకు వేర్వేరు గడియారములు. అవి లక్షకు 5 వంతులు మాత్రమే తేడాగా నడచినను, దాదాపు 7 నిమిషములకొకసారి ఒక పొట్లము ఎక్కువగుటయో తక్కువగుటయో జరుగును. మాటలాడువారికి అది దోమకాటైనను కాదు. ఇరువది పుటల నివేదికను పంపుచున్న యంత్రమునకు మాత్రము పదునాలుగవ పుటకడ లోలకము తప్పినట్లే.

దీనికి కనుగొనిన మందు నాకు మిక్కిలి నచ్చినది. వేషము అడ్డుపడుచున్నప్పుడు వేషమును తీసివేయుటయే ఆ మందు. 1998 జూనులో అంతర్జాతీయ సంచార సంఘము టి.38 అను ప్రమాణమును ఆమోదించెను. దాని ప్రకారము ఫ్యాక్సు ప్రక్కనున్న పెట్టె తానే అవతలి ఫ్యాక్సు అయినట్లు నటించి, ఈలలను విని, వానిలోని అంకెలను బయటికి తీసి, ఆ అంకెలనే పొట్లములలో పంపును. ప్రతి పొట్లములోను క్రొత్త సరకుతోపాటు అంతకుముందు పంపిన సరకు నకలు కూడ చేర్చవచ్చును గనుక, నడుమ ఒకటి పోయినను నష్టము లేదు. అవతలి పెట్టె ఆ అంకెలను మరల ఈలలుగా మార్చి తన యంత్రమునకు వినిపించును. దారిలో ఆలస్యమైనచో యంత్రము విసిగి పిలుపును తెంచకుండ పెట్టెలు నడుమ బుజ్జగించుచుండును. అదే సంవత్సరమున వచ్చిన టి.37 ప్రమాణము ఇంకను సూటియైనది: పుటను బొమ్మగా నిలువచేసి ఈ-మెయిలుగా పంపును. అయితే అందులో ఆ క్షణముననే అవతలివారికి చేరినదన్న ధైర్యము లేదు. ప్రమాదవార్తను పంపువానికి ఆ ధైర్యమే ముఖ్యము.

మోడెముల విషయమున ఇంత చక్కని పరిష్కారము కుదరలేదు. అవి ఒకేమారు ఇరుదిక్కుల పలుకును. వానిలో వేగపు జాతులు పెక్కు. ప్రతిధ్వనిని అణచు యంత్రమును ముందుగా ఈలవేసి నిద్రపుచ్చిన గాని వాని పని సాగదు. 2003లో వి.150.1 అను ప్రమాణము వచ్చినది గాని అంతగా వ్యాపించలేదు. అప్పటికే వాని అవసరము తరుగుచుండెను. 2005 జనవరిలో భారత సంచార నిగమము బ్రాడ్‌బ్యాండును ప్రారంభించుటతో, అదే రాగి తీగపై కంఠస్వరమునకు ఎగువనున్న ఖాళీలో సమాచారము వేషము లేకుండ నడచినది.

2013 జూలైలో మన దేశమున తంతి వార్త ముగిసినది. ఫ్యాక్సు మాత్రము పూర్తిగా పోలేదు. 2020లో మహమ్మారి కాలమున జపాను వైద్యులు రోగుల వివరములను చేతితో నింపి ఫ్యాక్సులో పంపుచుండిరన్న వార్త లోకమును ఆశ్చర్యపరచినది. సంతకము, ముద్ర, చేరినదని చెప్పు రసీదు ఈ మూడును ఒకచోట కోరు కార్యాలయములు వదలుకొనుటకు వెనుదీయుచున్నవి.

అట్టి యంత్రమును ఇంకను ఉంచుకొన్నవారు రాగి తీగ తీసి గాజునార తీగ వేయించుకొనునప్పుడు, క్రొత్త పెట్టెలో టి.38 ఉన్నదా యని ముందే అడుగుట మంచిది. లేనియెడల మాటను కుదింపని 64000 బిట్ల పద్ధతిని కోరి, యంత్రపు వేగమును 9600కు తగ్గించినచో చిన్న చీటీలు చాలవరకు చేరును. టి.38 ఉన్నచోట, పిలుపు కలిసినప్పుడు మన యంత్రమునకు వినబడు 2100 స్పందనముల ఈల కొత్తగూడెమునుండి గాని హైదరాబాదునుండి గాని వచ్చినది కాదు. బల్లపైనున్న పెట్టెయే దానిని పుట్టించును. తీగపై పోవునది అంకెలు మాత్రమే.